నేను ముక్కు కుట్టించుకున్నాను

పాతికేళ్ళుగా బట్టలు కుట్టి బతుకుతున్నాను. మనిషి ఎదురుగా నిలబడితే చాలు, ఏ భుజం వాలి ఉందో, ఏ చెయ్యి పావంగుళం పొడుగో టేపు తీయకముందే తెలిసిపోతుంది. అంత చూపున్నవాణ్ణి, నా ముక్కు మీద ఏడాదిన్నరగా మానకుండా ఉన్న పొక్కును మాత్రం పట్టించుకోలేదు.

కుడి ముక్కుపుటం మీద, అంచుకు కాస్త పైన, పెసరగింజంత నల్లటి పొక్కు అది. చూడ్డానికి పుట్టుమచ్చలా ఉండేది. తువ్వాలుతో ముఖం తుడుచుకుంటే ఒక్కోసారి రక్తపు చుక్క అంటేది. పక్కు కట్టేది, ఊడేది, మానినట్టే ఉండేది, నెల తిరిగేసరికి మళ్ళీ మొదలు. దగ్గర పని చేసేటప్పుడు కళ్ళజోడును ముక్కు చివరికి జార్చుకోవడం నాకు అలవాటు. ఆ రాపిడే అనుకున్నాను. మొదట చూసిన డాక్టరు కూడా అదే అనుకున్నట్టున్నారు, ఐదు నెలలు పూతమందుతో సరిపెట్టారు. నొప్పి లేదు. అదే వచ్చిన చిక్కు. నొప్పి ఉండుంటే ఎప్పుడో పరిగెత్తేవాణ్ణి.

చివరికి ఒక చర్మవైద్యుడు చిన్న లెన్సు పెట్టి అర నిమిషం చూసి, "చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుదాం" అన్నారు. వారం తర్వాత వచ్చిన కాగితంలో పిగ్మెంటెడ్ బేసల్ సెల్ కార్సినోమా అని ఉంది. కార్సినోమా అన్న మాట దగ్గరే నా చదువు ఆగిపోయింది. ఆయన నిదానంగా చెప్పుకొచ్చారు. చర్మ క్యాన్సర్లలో ప్రపంచంలో ఎక్కువమందికి వచ్చేది ఇదే. ఎండే ముఖ్య కారణం. నల్లటి చర్మం ఉన్నవాళ్ళకు తక్కువగా వస్తుంది, వచ్చినప్పుడు తరచు నల్లగానే ఉంటుంది కాబట్టి పుట్టుమచ్చ అని మోసపోతారు. ఒంట్లో వేరే చోటికి పాకడం చాలా చాలా అరుదు. "కానీ ఉన్నచోట ఊరుకోదు, చెదలాగా తొలుచుకుంటూ పోతుంది" అన్నారు. ఆ చెద మాట వినగానే ముక్కు లోపల ఏదో పాకుతున్నట్టు అనిపించింది. ఆ రాత్రి నిద్ర లేదు.

తీసేయడం పెద్ద పని కాదు. ముక్కుకు మాత్రమే మత్తు ఇచ్చి తీశారు. కనపడే మచ్చ చుట్టూ నాలుగు మిల్లీమీటర్లు మంచి చర్మం కూడా కలిపి తీస్తారట. దాన్ని మార్జిన్ అంటారు. మా పనిలోనూ మార్జిన్ ఉంది, మేం లోపల వదులుతాం, ఒళ్ళు పెరిగితే విప్పుకోవడానికి. వాళ్ళది బయటికి తీసే మార్జిన్. తీసిన ముక్క అంచుల్ని మైక్రోస్కోపు కింద చూసి, అంచు దాకా జబ్బు వచ్చి ఉంటే ఇంకా మిగిలినట్టు లెక్క. నా విషయంలో లోపలి వైపు అంచులో ఇంకా ఉందని వచ్చింది. మళ్ళీ తీశారు. ఈసారి అంచులన్నీ శుభ్రం అన్నారు గానీ, కుడి ముక్కుపుటంలో ముప్పాతిక వంతు, దానికి ఆనుకుని ముక్కు కొసలో కొంచెం పోయాయి. పైచర్మం మాత్రమే కాదు, బయటి నుంచి లోపలి దాకా రంధ్రం. కట్టు మార్చేటప్పుడు మా ఆవిడ అద్దం దాచేసింది. నేను స్టీలు గ్లాసులో చూసుకున్నాను. వంకరగా కనపడినా తెలియాల్సింది తెలిసింది.

ముక్కు కట్టే డాక్టరమ్మ దగ్గరికి అప్పుడు వెళ్ళాం. ప్లాస్టిక్ సర్జరీ అంటే అందం కోసం డబ్బున్నవాళ్ళు చేయించుకునేదని నా మనసులో ఉండేది. ఆమె మొదట అడిగింది అందం గురించి కాదు. ఎడమ రంధ్రం మూసి, కుడి వైపు నుంచి గాలి పీల్చమంది. పీల్చగానే మిగిలిన అంచు లోపలికి ఒరిగి మూసుకుపోయింది. "చూశారా, ఇది ముందు సరిచేయాలి. చూడ్డానికి బాగుండటం దాని వెనకాల వస్తుంది" అంది.

దారులు నాలుగు చెప్పింది. ఊరికే వదిలేస్తే మానుతుంది, కానీ మానేటప్పుడు చర్మం ముడుచుకుని రంధ్రాన్ని పైకి లాగేస్తుంది. వేరే చోట నుంచి పల్చటి చర్మం తెచ్చి అతికించడం రెండోది. కింద ఆధారం లేని అలాంటి రంధ్రం మీద అది బతకదు, నిలబడదు. మూడోది సిలికాన్ ముక్కు, జిగురుతో అంటించుకోవడం, రాత్రి తీసి డబ్బాలో పెట్టుకోవడం. ఆపరేషన్లు తట్టుకోలేని పెద్దవయసువాళ్ళకు అది మంచి దారేనట. నాలుగోది, నుదుటి చర్మాన్ని కిందికి తిప్పి ముక్కు కట్టడం.

నేను టైలర్‌నని తెలిశాక ఆమె చెప్పే తీరే మారిపోయింది. "మాస్టారూ, మీకైతే సులువు. కోటు కాలరు ఎలా కుడతారు?" అంది. పైన గుడ్డ, మధ్యలో గట్టిగా నిలబడటానికి బక్రం, లోపల లైనింగ్ అన్నాను. "ముక్కూ అంతే. బయట చర్మం, మధ్యలో మృదులాస్థి, లోపల పల్చటి పొర. మీకు మూడూ పోయాయి, మూడూ కట్టాలి." బక్రం చెవి గిన్నెలోంచి తీస్తారట, అక్కడ తీస్తే చెవి ఆకారం పెద్దగా మారదు. లైనింగ్ కోసం నుదుటి చర్మాన్నే కాస్త పొడుగ్గా తీసి, అంచు దగ్గర లోపలికి మడుస్తారు. అంచు మడవడం నాకు చెప్పాలా? అక్కడిదాకా తల ఊపుతూ విన్నాను.

గొడవ తర్వాత వచ్చింది. మిగిలి ఉన్న ఆ పావు ముక్కుపుటాన్ని కూడా తీసేస్తానంది.

"జబ్బు లేదన్నారు కదా?"

"లేదు. అయినా తీసేస్తే బాగుంటుంది."

నాకు నిజంగానే కోపం వచ్చింది. ఉన్నదే పావు, అదీ లాక్కుంటారా అనిపించింది. ఆమె కాగితం మీద ముక్కు బొమ్మ గీసి తొమ్మిది భాగాలు చేసింది. నడిమి దూలం, రెండు పక్క గోడలు, కొస, రెండు పుటాలు, కొస పక్కన చిన్న ముక్కోణాలు రెండు, రంధ్రాల మధ్య స్తంభం. వీటి హద్దుల దగ్గర సహజంగానే నీడ పడుతుంది, వంపు తిరుగుతుంది. మచ్చ ఆ హద్దులో పడితే కన్ను పట్టుకోదు, భాగం నట్టనడుమ పడితే అతుకులా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అందుకే ఒక భాగంలో సగానికి మించి పోతే మిగిలింది కూడా తీసి, మొత్తం భాగాన్నీ కొత్తగా కట్టాలన్నది పద్ధతి. బర్జెట్, మెనిక్ అనే ఇద్దరు అమెరికన్ సర్జన్లు 1985లో దీన్ని సూత్రంగా రాసి పెట్టారట.

సాయంత్రం ఇంటికొచ్చి మిషన్ ముందు కూర్చున్నాను. చొక్కా ముందు భాగం చిరిగిందని ఎవరైనా తెస్తే నేనేం చేస్తాను? మధ్యలో మాసిక వేస్తే దూరం నుంచే తెలుస్తుంది. అదే గుడ్డ దొరికితే కుట్టు నుంచి కుట్టు దాకా ఆ భాగం మొత్తం మార్చేస్తాను, ఎవరూ కనిపెట్టలేరు. ఇన్నేళ్ళుగా ఆ పని నేను చేస్తూనే ఉన్నాను, ఎదుటివాళ్ళ చొక్కాలకు. మర్నాడు ఫోన్ చేసి సరేనన్నాను.

ఒకటి మాత్రం నా బుర్రకు ఎక్కలేదు. నుదుటి మీద చర్మం కోస్తారు, ముక్కు మీద కుడతారు. మరి పూర్తిగా కోసి తేకుండా, కనుబొమ్మ దగ్గర తొడిమలా వదిలేసి, వారాల తరబడి నుదురుకీ ముక్కుకీ మధ్య వంతెన పెట్టడం దేనికి? దానికామె, "గుడ్డకు రక్తం అక్కర్లేదు మాస్టారూ" అంది. పల్చటి చర్మమైతే కొత్తచోట అడుగునుంచి తడి పీల్చుకుని బతుకుతుంది. మందపాటి చర్మం అలా బతకదు, దాని రక్తనాళం దానికుండాలి. కనుబొమ్మ లోపలి కొస దగ్గర నుంచి ఒక చిన్న ధమని నుదుటి మీదికి ఎక్కుతుంది. తొడిమలో దాన్ని అలాగే ఉంచి చర్మాన్ని తిప్పి దించుతారు. మూడు వారాలు గడిచేసరికి ముక్కు అంచుల నుంచి కొత్త నాళాలు ఆ చర్మంలోకి మొలుస్తాయి. అప్పటిదాకా ముక్కు బతికేది నుదుటి రక్తంతోనే.

ఇదేదో కొత్త వైద్యం కాదని ఆపరేషన్ ముందు రోజుల్లో మా అమ్మాయి చదివి వినిపించింది. సుశ్రుత సంహితలోనే ముక్కు కట్టే విధానం ఉంది. ఒక ఆకును పోయిన ముక్కు కొలతకు కత్తిరించి, ఆ కొలతతో చెంప చర్మం తీసి అతికించి, గాలి ఆడటానికి గొట్టాలు పెట్టమని ఉంది. నుదుటి చర్మం పద్ధతి ప్రపంచానికి తెలిసింది మాత్రం 1794లో. లండన్ జెంటిల్మన్స్ మ్యాగజీన్‌లో అక్టోబరు నెలలో ఒక ఉత్తరం అచ్చయింది. ఇంగ్లీషు సైన్యంలో ఎడ్లబండి తోలే కోవాస్జీ అనే మనిషిని 1792 యుద్ధంలో టిప్పు సుల్తాన్ సైనికులు పట్టుకుని ముక్కూ, ఒక చెయ్యీ కోసేశారు. ఏడాది పాటు ముక్కు లేకుండా ఉన్న అతనికి పూనా దగ్గర ఇటుకలు చేసే కులానికి చెందిన ఒకాయన ముక్కు కట్టాడు. పల్చటి మైనపు రేకును ముక్కు ఆకారంలో ఒత్తి, దాన్ని చదును చేసి నుదుటి మీద పరిచి, దాని చుట్టూ గీత గీసి, చర్మం కోసి కిందికి తిప్పాడు. తొడిమను కోసింది ఇరవై ఐదో రోజున. ఆ ఉత్తరం చదివిన కార్ప్యూ అనే లండన్ సర్జన్ ఏళ్ళ తరబడి శవాల మీద సాధన చేసి 1814లో తొలిసారి బతికున్న మనిషికి చేశాడు. ఇటలీలో తల్యకోజి అనే ఆయన 1597 నాటికే చేతి చర్మంతో ముక్కులు కట్టేవాడట, కానీ అందుకోసం చెయ్యెత్తి ముక్కుకు కట్టేసుకుని వారాల తరబడి ఉండాలి. నాకు ఆ బాధ లేదు కదా అని ఊరట చెందాను. ఆ ఇటుకల ఆయన పేరు ఎవరూ రాసి పెట్టలేదు. అది విన్నప్పుడు మనసు చివుక్కుమంది. కొలత తీసి, గీసి, కత్తిరించినవాడి పేరు ఎప్పుడూ ఉండదు.

నెల ముందు నుంచి సిగరెట్ మానేయమన్నారు. తగ్గించడం కాదు, ఒక్కటి కూడా వద్దన్నారు. నికోటిన్ సన్నటి రక్తనాళాలను బిగించేస్తుంది, తెచ్చిన చర్మం నల్లబడి చచ్చిపోయే ప్రమాదం పొగ తాగేవాళ్ళకు ఎక్కువ. ముప్పై ఏళ్ళ అలవాటు. ఆ నెలలో నేను ఇంట్లోవాళ్ళతో మాట్లాడిన తీరు గురించి రాయను.

ఆపరేషన్ రోజు పొద్దున నా ఎడమ ముక్కుపుటం మీద కుట్టుదారం ప్యాకెట్ రేకు పెట్టి ఒత్తారు. దాన్ని కత్తిరించి, బోర్లా తిప్పారు. కుడి పుటం పాటర్న్ తయారు. కుడి చేతి ముక్క కత్తిరించి, అదే కాగితం తిప్పి ఎడమది కత్తిరించడం నా రోజువారీ పని, ఆ బల్ల మీద పడుకుని కూడా నాకు నవ్వొచ్చింది. ఆకు, మైనం, రేకు. వాడే వస్తువు మారింది, పద్ధతి అదే. పెన్నులాంటి యంత్రాన్ని కుడి కనుబొమ్మ లోపలి కొస దగ్గర ఆనిస్తే నా రక్తం చప్పుడు గుయ్యి గుయ్యిమని వినపడింది. ధమని ఎక్కడుందో దానితో గుర్తు పెట్టుకుని, కట్టు కట్టే పల్చటి గుడ్డ పీలికను అక్కడ ఆనించి ముక్కు దాకా తిప్పి చూసి, పొడుగు సరిపోతుందో లేదో రెండుసార్లు కొలిచారు. రెండుసార్లు కొలిచి ఒకసారి కత్తిరించేవాళ్ళంటే నాకు నమ్మకం. "జుట్టు దాకా వెళ్ళాల్సి వస్తుంది మాస్టారూ" అంది డాక్టరమ్మ. దాని అర్థం నాకు ఆర్నెల్ల తర్వాత తెలిసింది. ఆ తర్వాత మత్తు.

లేచేసరికి నాలుగు గంటలు గడిచాయి. నొప్పి అనుకున్నంత లేదు, నుదురు మాత్రం ఎవరో బిగించి ముడేసినట్టు ఉంది. నుదుటి గాయాన్ని రెండు వైపుల నుంచీ దగ్గరికి లాగి కుట్టారు, పైన జుట్టు దగ్గర మాత్రం అంచులు కలవక బొటనవేలి గోరంత మేర తెరిచే ఉంచారు. అదే మానుతుంది, మందు రాసి తడిగా ఉంచితే చాలన్నారు. నేను నమ్మలేదు. ఏడు వారాలకు నిజంగానే మానింది.

మొదటి రోజంతా నర్సు గంటగంటకూ వచ్చి కొత్త ముక్కును వేలితో నొక్కి వదిలేది. నొక్కినచోట తెల్లబడి, రెండు మూడు సెకన్లలో మళ్ళీ రంగు రావాలి. అసలు రాకుండా పాలిపోయి ఉంటే రక్తం లోపలికి రావట్లేదని, నీలంగా మారి నొక్కగానే వెంటనే తిరిగొస్తే లోపలికొచ్చిన రక్తం బయటికి పోవట్లేదని. రెండో రోజు రాత్రి నాది కొంచెం నీలం తిరిగింది. ఇద్దరు ముగ్గురు వచ్చి చూశారు, కట్టు ఒకచోట బిగుతైందని వదులు చేశారు, ఒకట్రెండు కుట్లు తీశారు. తెల్లారేసరికి రంగు మళ్ళింది. ఆ రాత్రి పడ్డ టెన్షన్ క్యాన్సర్ అని తెలిసిన రోజు కూడా పడలేదు.

తొడిమ వెనక వైపు చర్మం ఉండదు, పచ్చి మాంసం. అందుకే నాలుగైదు రోజులు నెత్తురు, నీరు ఊరుతూనే ఉంటాయి. వాసెలిన్ పూసిన పల్చటి కట్టుగుడ్డ చుడతారు, అది తడుస్తుంది, మళ్ళీ మారుస్తారు. ఈ సంగతి ముందే తెలిస్తే భయపడేవాళ్ళం కాదు. ఇంటికొచ్చిన మొదటి రాత్రి దిండు మీద మరక చూసి మా ఆవిడ హడలిపోయింది.

ఇక అద్దం. మూడో రోజు చూసుకున్నాను. కుడి కనుబొమ్మ నుంచి వేలంత లావు కండ ఒకటి మెలి తిరిగి, కంటి పక్కగా దిగి, ముక్కు కొస మీద ఉబ్బిన బుడిపెలో కలుస్తోంది. నుదుటి మీద నిలువునా కుట్లు. మా అమ్మాయి చాలాసేపు చూసి, "తొండం నాన్నా" అంది. మా ఆవిడ కసిరింది గానీ ఆ ఇంట్లో ఆ ఆరు వారాల్లో ఎక్కువ మేలు చేసిన మాట అదే. ఆ తర్వాత తొండం కట్టు మార్చారా, తొండానికి తగిలిందా అని మామూలుగా మాట్లాడుకోగలిగాం.

నీ ముక్కేదంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించాడని ఒకణ్ణి వెక్కిరిస్తారు. నాకు అది అక్షరాలా జరిగింది. ముక్కు మీద దూది ఆనిస్తే నుదుటి మీద, జుట్టు మొదట్లో ఆనినట్టు తెలిసేది. ముక్కు దురద పెడితే అనిపించేది నుదుటి మీద, అక్కడేమో కుట్లు. చర్మం చోటు మారినా నరం పాత అడ్రసుకే కబురు పంపుతోందన్నమాట. కనుబొమ్మ ఎగరేస్తే తొడిమ కూడా ఉలిక్కిపడేది.

అన్నిటికన్నా నన్ను ఏడిపించింది కళ్ళజోడు. కళ్ళజోడు ముక్కు మీద ఆనేచోటే తొడిమ ఉంది. దాని మీద బరువు పడితే రక్తం ఆగుతుంది కాబట్టి కళ్ళజోడు ముట్టుకోవద్దన్నారు. దగ్గర చూపు లేకుండా నేను సూదిలో దారం కూడా ఎక్కించలేను. భూతద్దం ఒక చేత్తో పట్టుకుంటే ఇంకో చేత్తో ఏం కుడతాను? ఇంత రాస్తున్నాను గానీ, ముఖం కన్నా చేతులు ఖాళీగా ఉండటమే నన్ను ఎక్కువ కుంగదీసింది. ఈ ఆపరేషన్ చేయించుకోబోయేవాళ్ళు కళ్ళజోడు లేకుండా ఆరు వారాలు ఎలా గడపాలో ముందే ఆలోచించుకోండి. ఇంకొకటి, తల మీదుగా వేసుకునే బనీన్లు, టీషర్టులు పక్కన పెట్టండి. ముందు గుండీలున్న చొక్కాలే. ఎత్తు దిండ్ల మీద వెల్లకిలా నిద్ర, వంగడం వద్దు, ఐసు పెట్టడం వద్దు, చలికి నాళాలు ముడుచుకుంటాయి.

ముఖానికి మాస్కు కుట్టుకుందామని ఒక ప్రయత్నం చేశాను. ముక్కును తాకకుండా గుడారంలా నిలబడేటట్టు మడతలు పెట్టి, మా ఆవిడ దారం ఎక్కిస్తుంటే తడుముకుంటూ కుట్టాను. కుట్టు బాగానే కుదిరింది. కానీ పైనుంచి సగం తొడిమ కనపడుతూ, మిగతా సగం గుడ్డలోకి దూరిపోతుంటే అసలు చూడనివాళ్ళు కూడా ఆగి చూశారు. తీసి పక్కన పడేశాను. బట్టలు తీసుకెళ్ళడానికి వచ్చిన ఒకాయన నేల చూపులు చూస్తూ ట్రయల్ కూడా వేసుకోకుండా వెళ్ళిపోయాడు. ఆయన వెంట వచ్చిన పిల్లాడు మాత్రం నేరుగా నా ముఖంలోకి చూసి, "అంకుల్, మీ నుదురు కారిపోతోందా?" అన్నాడు. లేదురా, ముక్కు కోసం దిగొస్తోంది అన్నాను. వాడికి ఆ జవాబు సరిపోయింది.

మూడు వారాలకు తొడిమ కోసేస్తారని నేను రోజులు లెక్కపెట్టుకున్నాను. వెళ్తే, కోయరు, ఇప్పుడు రెండో దశ, ఇంకో మూడు వారాలుంటుంది అన్నారు. మొదట్లోనే చెప్పారు, సంతకం పెట్టిన కాగితంలోనూ ఉంది. నేనే వినలేదు. కోటుకు తాత్కాలికపు కుట్లు వేసి ట్రయల్ చూసి, మళ్ళీ విప్పి సరిచేసి కుట్టేవాణ్ణి నేను, ముక్కుకు ట్రయల్ ఉంటుందని ఊహించలేకపోయాను. రెండో దశలో చేసేది సరిగ్గా అదే. మడిచిన అంచు దగ్గర కోసి, లోపలి మడతను లైనింగ్‌గా అక్కడే వదిలేస్తారు. మూడు వారాల్లో అది చుట్టుపక్కల నుంచి రక్తం తీసుకోవడం నేర్చుకుని ఉంటుంది. పై చర్మాన్ని లేపి, అడుగున ఉన్న కొవ్వు, కండ తీసి పల్చన చేసి, చెవిలోంచి తెచ్చిన మృదులాస్థిని పుటం వంపుకు చెక్కి మధ్యలో పెట్టి, మళ్ళీ కుట్టేస్తారు. ముక్కు కన్నా చెవే ఎక్కువ నొప్పి పెట్టింది. వారం పాటు ఆ వైపు తిరిగి పడుకోలేకపోయాను.

ఈ రెండో మూడు వారాలు మొదటి వాటికన్నా బరువుగా గడిచాయి. మొదట్లో వచ్చి పలకరించినవాళ్ళు రావడం మానేశారు, నాకూ తొండం జోకులు పాతబడ్డాయి. రాయడానికి అంతకన్నా ఏమీ లేదు.

మూడో దశ చిన్నది. తొడిమ కోశారు, ముక్కు వైపు మిగిలిన చర్మాన్ని సర్ది కుట్టారు, పై వైపు చిన్న ముక్కను కనుబొమ్మ లోపలి కొస సరైన చోటికి వచ్చేటట్టు తిరిగి అమర్చారు, మిగతాది పారేశారు. ఆ ఒక్క కోతతో నుదుటి కబుర్లు ఆగిపోయాయి. ముక్కు మొద్దుబారింది. అక్కడక్కడా స్పర్శ తిరిగి రావడానికి ఏడాది పట్టింది, ఇప్పటికీ కొస దగ్గర చలీ వేడీ సరిగా తెలియవు. వాపు నెలల తరబడి ఉంది. మచ్చల మీద వేలితో రుద్దమన్నారు, ఎండలోకి వెళ్తే సన్‌స్క్రీన్ రాయమన్నారు. రెండూ చేస్తున్నాను. ఆరు నెలలకోసారి ఒంటి మీద చర్మమంతా చూపించుకుంటున్నాను, ఒకసారి వచ్చినవాళ్ళకు ఇంకోచోట కొత్తది వచ్చే వీలు ఎక్కువ.

గాలి ఆడుతోంది. గట్టిగా పీల్చినా కుడి పుటం నిలబడి ఉంటోంది, చెవి బక్రం పని చేస్తోంది. కళ్ళజోడు నిలుస్తోంది. మొదటిసారి పెట్టుకుని సూదిలో దారం ఎక్కించిన రోజున అద్దం కోసం వెతుక్కోలేదు, ఆగిపోయిన రెండు జాకెట్లు ముందేసుకున్నాను.

కొత్తవాళ్ళు గుర్తు పట్టరు. దగ్గరగా చూస్తే కుడి రంధ్రం ఎడమదానికన్నా ఒక మిల్లీమీటరు చిన్నది, పుటం చెంపతో కలిసేచోట గాడి కొంచెం నిండినట్టు ఉంటుంది. నేను కొలతలవాణ్ణి, నాకు కనపడుతుంది. ఏడాదికి చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు డాక్టరమ్మకూ అదే కనపడింది. ఇంకో చిన్న ఆపరేషన్‌తో గాడి తీయొచ్చు, ఇది పూర్తిగా మీ ఇష్టం, చూడ్డానికి బాగుండటం కోసమే తప్ప అవసరం కాదు అంది. విప్పి కుట్టిన ప్రతిసారీ గుడ్డ కొంత చస్తుందండీ అన్నాను. నవ్వి, "తొందరేం లేదు, ఆలోచించుకోండి" అంది. ఇంకా ఆలోచిస్తున్నాను. ఒక్కోరోజు చేయించుకుందామనే ఉంటుంది.

జుట్టు దాకా వెళ్ళాల్సి వస్తుందని ఆమె అన్న మాట సంగతి మిగిలిపోయింది. చర్మం ఎక్కడికి వెళ్ళినా దాని గుణం మానదు. నుదుటి పైభాగం నుంచి వచ్చిన చర్మం కదా, రంధ్రం లోపలి మడతలో తలవెంట్రుకలు మొలిచాయి. లోపలివి ఎవరికీ కనపడవు, అంచు మీద మాత్రం మూడు నిటారుగా పెరుగుతాయి. లేజర్‌తో పోగొట్టొచ్చన్నారు. ప్రస్తుతానికి ఆదివారం పొద్దున దారాలు కత్తిరించే చిన్న కత్తెర తీసుకుని మా ఆవిడ నా ఎదురుగా కూర్చుంటుంది. కళ్ళజోడు పెట్టుకుంటే అడ్డం, తీస్తే నాకు కనపడవు, అందుకని ఆ పని ఆమెకు అప్పగించాను.

"కదలకండి," అంటుంది. "నెత్తి మీదివి ఊడిపోతున్నాయి, ఇక్కడివి చూడండి ఎంత ఏపుగా ఉన్నాయో."